సీల్డ్ కవర్లు చదివిన రోజులు

సచివాలయంలో న్యాయశాఖ సలహాదారుగా నాకు అప్పగించిన పనుల్లో ఒకదాని గురించి ఇంట్లో కూడా మాట్లాడలేదు. ఫోన్ ట్యాపింగ్ ఉత్తర్వులను పరిశీలించే రివ్యూ కమిటీ కోసం చట్టం వైపు నుంచి నోట్ రాసిపెట్టడం ఆ పని. ఏ రాష్ట్రం, ఏ ప్రభుత్వం, ఎవరి నంబర్లు అన్నవి ఇప్పుడూ చెప్పను. చెప్పకూడదని చట్టం ఉంది. చట్టం లేకపోయినా చెప్పను. ఆ నంబర్ల వెనక ఉన్నవాళ్ల మాటలు వాళ్లకు తెలియకుండా ఒకసారి పరాయి చెవిన పడ్డాయి, అది చాలు. కానీ ఆ పని ఎలా జరుగుతుందో జనానికి తెలియాలి. అందుకే రాస్తున్నాను.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో సెక్షన్ 5(2) అని ఒకటి ఉండేది. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజాభద్రత అవసరం గానీ ఏర్పడితేనే ప్రభుత్వం సందేశాలను మధ్యలో పట్టి వినవచ్చు. అప్పుడు కూడా దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపించడాన్ని అడ్డుకోవడం అనే కారణాల్లో ఏదో ఒకటి చూపాలి. అయితే ఆ అధికారాన్ని ఎలా వాడాలో చెప్పే నియమాలు నూరేళ్లు దాటినా రాయలేదు. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ట్యాపింగ్ వివాదంలోనే రాజీనామా చేశారు. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సి.బి.ఐ. ఇచ్చిన నివేదిక 1991 మార్చిలో ‘మెయిన్‌స్ట్రీమ్’ పత్రికలో అచ్చయింది. దాని ఆధారంగా పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరు 18న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు ఇచ్చినప్పుడు నేను జిల్లా కోర్టులో జూనియర్‌ని. సీనియర్ గారు ఆ తీర్పు ప్రతి నా చేతికిచ్చి, “చదువు బాబూ, దీనితో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది” అన్నారు. ఆ పని ఇంత దగ్గరగా పడుతుందని ఆయనా అనుకుని ఉండరు.

ఆ తీర్పు చెప్పిన జాగ్రత్తలే 1999లో 419ఎ నిబంధనగా వచ్చి, 2007లో మరింత వివరంగా మారాయి. రాష్ట్రంలో ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి. అందులో కారణాలు రాయాలి. ఈ సమాచారం మరో దారిలో దొరకదా అని ముందే ఆలోచించాలి. ఉత్తర్వు నకలు ఏడు పనిదినాల్లో రివ్యూ కమిటీకి చేరాలి. గడువు 60 రోజులు, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. కమిటీలో ప్రధాన కార్యదర్శి, న్యాయ కార్యదర్శి, హోం కార్యదర్శి కాని మరో కార్యదర్శి ఉంటారు. రెండు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ఉత్తర్వు చట్టానికి లోబడి లేదనుకుంటే కొట్టేసి, విన్నదంతా నాశనం చేయమనవచ్చు. కాగితం మీద ఇది చాలా బలమైన అధికారం.

నేను చేరిన మొదట్లో సీల్డ్ కవర్లలో వచ్చిన ఉత్తర్వుల్లో కారణం ఉండాల్సిన చోట చట్టంలోని మాటలే ఉండేవి. ‘ప్రజాభద్రత, శాంతిభద్రతల దృష్ట్యా అవసరమని సంతృప్తి చెందడమైనది’ అని ఒక వాక్యం. పక్క ఫైల్లోనూ అదే వాక్యం. నంబరు మారేది, తేదీ మారేది, వాక్యం మారేది కాదు. ఆ మనిషి ఏం చేశాడని, ఏం చేయబోతున్నాడని ఈ అనుమానం? అది ఎక్కడా ఉండేది కాదు. చట్టంలో ఉన్న మాటను తిరిగి రాస్తే అది కారణం కాదని ప్రతి నోటింగ్‌లోనూ రాస్తూ వచ్చాను. కొందరికి విసుగొచ్చింది. ఒక పోలీసు ఉన్నతాధికారి నేరుగా నా గదికి వచ్చారు.

“మీరు అడిగిందంతా కాగితం మీద పెడితే మా ఇన్ఫార్మర్ ప్రాణం పోతుంది సార్. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదా?” అన్నారు.

ఆయన మాటలో నిజం ఉంది. నేను ఆయన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాను. చెప్పినవాడి పేరు మాకు అక్కర్లేదు, ఏం చెప్పాడో కావాలి అన్నాను. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ఉత్తర్వుతోపాటు విడిగా ఒక కాగితం వస్తుంది. సమాచారం ఇచ్చిన మనిషికి పేరుండదు, ఒక గుర్తు మాత్రమే ఉంటుంది. అనుమానం దేనిమీద అన్నది నాలుగు మాటల్లో ఉంటుంది. కమిటీ చదివాక ఆ కాగితం తిరిగి ఆయన దగ్గరికే వెళ్తుంది. ఆ తర్వాత ఆయన విభాగం నుంచి వచ్చే అభ్యర్థనలు తగ్గాయి. కారణం రాయాల్సి వస్తే, రాయడానికి కారణం లేనివి మొదట్లోనే ఆగిపోతాయని నాకు అప్పుడు అర్థమైంది.

ట్యాపింగ్ అక్కర్లేదనేవాణ్ని కాను. ఒక పసిపిల్లను ఎత్తుకుపోయినప్పుడు ఐజీ స్థాయి అధికారి అత్యవసరంగా ఇచ్చిన ఉత్తర్వు మా ముందుకొచ్చింది. ఏడు పనిదినాల లోపే హోం కార్యదర్శి ఆమోదం పడింది. పిల్ల ఇంటికి చేరింది. ఆ ఫైలు మీద రాయడానికి నాకు అభ్యంతరం ఏమీ దొరకలేదు, దొరకాలనీ లేదు.

నన్ను ఇప్పటికీ వదలని ఫైలు వేరే. ఒక నంబరు మీద ఉత్తర్వు 60 రోజులు నడిచింది, పొడిగించారు, మళ్లీ పొడిగించారు. 180 రోజులు నిండాయి. మర్నాడు అదే నంబరు మీద, అవే మాటలతో, కొత్త ఫైలు నంబరుతో ‘తాజా’ ఉత్తర్వు వచ్చింది. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలైంది. పాత కవరూ కొత్త కవరూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కొత్త సంగతి ఒక్కటీ లేదు. నిబంధన 180 రోజులని చెప్పింది మనిషికి, ఫైలు నంబరుకు కాదని నోట్ రాశాను. సమావేశంలో ప్రధాన కార్యదర్శి ఒక్క ప్రశ్న వేశారు: “ఇన్నాళ్లు విన్నారు కదా, ఏం దొరికింది?” జవాబు రాలేదు. న్యాయ కార్యదర్శి నా నోట్‌నే ఎత్తి చదివారు. ఉత్తర్వు కొట్టేశారు, రికార్డులు నాశనం చేయమన్నారు. చేశామని ధ్రువపత్రం కూడా వచ్చింది.

చట్టం ప్రకారం అక్కడికి న్యాయం జరిగినట్టే. కానీ ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. తన ఇంట్లో మాటలు, భార్యతో పోట్లాటలు, తల్లి వైద్యం కోసం చేసిన అప్పులు ఆరు నెలలకు పైగా ఎవరో విన్నారని ఆయనకు తెలియదు. అది తప్పని ప్రభుత్వమే తేల్చిందనీ తెలియదు. తెలియనివాడు ఏ కోర్టుకు వెళ్తాడు? చెప్పమని నిబంధనల్లో ఎక్కడా లేదు, నేను వెతికాను.

రాష్ట్రంలో ఫైళ్లు మేం చదవగలిగినన్నే ఉండేవి. కేంద్రంలో పరిస్థితి అలా లేదు. నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఉత్తర్వులు వెలువడేవని సమాచార హక్కు కింద వచ్చిన జవాబు చెప్పింది. అంటే అక్కడి రివ్యూ కమిటీ రెండు నెలలకోసారి జరిగే ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలని, అది జరిగే పని కాదని డేటా రక్షణపై వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. కేంద్ర రివ్యూ కమిటీలో కూర్చునే క్యాబినెట్ కార్యదర్శి అంతటివారు ఒక పూటలో అన్ని కాగితాలు ఎలా చదువుతారు? చదవరు. సంతకం పడుతుంది. అలాంటి బల్ల దగ్గర కూర్చున్నవాడిగా ఆ మాట గట్టిగానే అంటాను.

2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో మూడు ట్యాపింగ్ ఉత్తర్వులను కొట్టేసి, సంభాషణల ప్రతులను నాశనం చేయమంది. ప్రజాభద్రత అన్న మాట లంచం కేసుకు అతకదని చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడు సంతోషించాను, కానీ అక్కడ కూడా ఆరోపణ కేసుగా మారి కోర్టుకెక్కింది కాబట్టే సంగతి బయటపడింది. కేసు పడనివాళ్ల సంగతి ఎప్పటికీ బయటపడదు. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన ట్యాపింగ్ కేసు గురించి పేపర్లు రాస్తుంటే చాలామంది నన్ను అడిగారు, “రివ్యూ కమిటీ ఏం చేస్తున్నట్టు?” అని. ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేల్చాలి. ప్రశ్న మాత్రం సరైనదే.

టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2024 డిసెంబరు 6న ట్యాపింగ్‌కు కొత్త నిబంధనలు ప్రకటించారు. ఆశగా చదివాను. కమిటీలో కూర్చునేది మళ్లీ ముగ్గురు ప్రభుత్వ కార్యదర్శులే. జడ్జి లేరు. బ్రిటన్‌లో 2016 చట్టం తర్వాత మంత్రి సంతకంతోపాటు ఒక జడ్జి స్థాయి కమిషనర్ ఆమోదం కూడా ఉండాలి. అక్కడ ఏటా ఎన్ని వారంట్లు ఇచ్చారో అచ్చువేస్తారు. దానివల్ల ఆ దేశ భద్రత కూలిపోలేదు.

నేను కోరేది పెద్దది కాదు. కమిటీలో ఒక రిటైర్డ్ హైకోర్టు జడ్జిని కూర్చోబెట్టాలి. కొట్టేసిన ఉత్తర్వు విషయంలోనైనా ఆ మనిషికి కబురు చేయాలి. ఇది చదువుతున్న మీరు కూడా ఒక పని చేయవచ్చు. మీ ఎమ్మెల్యే ఎదురుపడితే, గత ఏడాది మన రాష్ట్రంలో ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులు ఇచ్చారో, వాటిలో ఎన్నిటిని కమిటీ కొట్టేసిందో శాసనసభలో అడగమనండి. పేర్లు అక్కర్లేదు, నంబర్లు అక్కర్లేదు. ఆ రెండు అంకెలు చాలు.