ఎదురుచూచిన 21 నెలలు

ఎదురుచూపు ఒక్కరే మోసే బరువని అనుకుంటాం. కాని ఇంటిల్లిపాదీ కలసి ఎదురుచూస్తే అందులో ఒక తీయదనం ఉంది. వానకు, పంటకు, పెండ్లికి మన సీమ గృహాలు అలాగే కనిపెట్టుకొని ఉంటాయి. చిత్రావతి ఒడ్డున ఉన్న మా గోరంట్లలో మా కుటుంబం ఒక సినిమా కోసం అలా కనిపెట్టుకొని ఉన్న దినాలను గూర్చి ఇక్కడ వ్రాస్తున్నాను. సినిమా సంగతే కదా అని ప్రియ చదువరులు పుట తిప్పవద్దని మనవి.

రాజమౌళి తీసిన 'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. ఆ చిత్రం చివరలో, అమరేంద్ర బాహుబలిని చంపింది తానేనని నమ్మిన బంటు కట్టప్ప చెప్పడంతో కథ ఆగిపోయింది. ఎందుకు చంపాడన్నది రెండవ భాగానికి వదిలివేశారు. ఆ భాగం 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. అంటే 21 నెలలకు పైగా నిరీక్షణ. 'కట్టప్ప ఎందుకు చంపాడు' అన్న ప్రశ్న టీ అంగడిలో, బస్సులో, పెండ్లి పందిట్లో, ఆదివారం ఆరాధన ముగిసి బయట చెప్పులు తొడుక్కునే చోట కూడా వినిపించేది. తెలుగు రాని రాష్ట్రాలలోనూ అదే ప్రశ్న అడిగేవారని తెలిసి మాకు కొంత గర్వంగా ఉండేది.

మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క జవాబు. ఎనిమిదవ తరగతి చదివే మావాడు, చనిపోయినవాడు అసలు బాహుబలి కాడనేవాడు. నా భార్య, భల్లాలదేవుడు కట్టప్పను ఏదో బెదిరించి ఉంటాడనేది. నేను మాత్రం సింహాసనానికి ఇచ్చిన మాటే కారణమనేవాణ్ణి. తన వంశమంతా ఆ గద్దెకు దాసులమని కట్టప్ప మొదటి భాగంలోనే చెప్పాడు కదా! రాత్రి భోజనాల దగ్గర ఈ వాదన మొదలైతే అన్నం చల్లారిపోయేది.

మా అవ్వ సినిమా చూడలేదు. మావాడు పూసగుచ్చినట్లు చెప్పగా కథ విన్నది, అంతే. ఒక రాత్రి ఆమె నింపాదిగా, "దాసుడు తనంతట తాను కత్తి ఎత్తడు నాయనా. ఇంట్లో పెద్దోళ్లే చెప్పింటారు. ఆ పెద్దోళ్ల చెవిలో ఇంకెవరో లేనిపోనివి పోసింటారు" అన్నది. మా నాయన ఆ మాట విని, చేయి కడుక్కొని, బయట అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

దానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. నాయనకూ చిన్నాయనకూ ఆరేళ్లుగా మాటలు లేవు. పొలం గట్టు విషయంలో చిన్నాయన ఏదో అన్నాడని ఎవరో వచ్చి చెప్పారు, నాయన నమ్మాడు. రెండు ఇండ్ల మధ్య ఒక్క వీధే దూరం. అవ్వకు ఇద్దరూ కడుపున పుట్టిన బిడ్డలే. ఆమె మా ఇంట్లో తిని, ఆ వీధి దాటి చిన్న కొడుకును చూచి వచ్చేది. ఆ ఇంటి సంగతి ఈ ఇంట్లో గాని, ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో గాని ఎన్నడూ ఎత్తేది కాదు.

చిన్నాయన కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు. 2017 ఏప్రిల్‌లో కర్ణాటకలో ఈ సినిమాకు ఆటంకం వచ్చింది. కట్టప్ప వేషం వేసిన సత్యరాజ్ తొమ్మిదేండ్ల క్రిందట కావేరి జలాల విషయంలో అన్న మాటలకు కన్నడ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆయన ఏప్రిల్ 21న విచారం తెలియజేసిన తరువాతే విడుదలకు అడ్డు తొలగింది. ఆలోగానే తమ్ముడు నాకు ఫోను చేసి, "అన్నా, ఇక్కడ ఏమైతుందో తెలీదు. నేను ఊరికే వస్తా. అందరం హిందూపురంలో చూస్తాం. మా నాయనను నేను పిలుచుకొస్తా, పెదనాయనను నువ్వు పిలుచుకొని రా" అన్నాడు.

ఆ చివరి వారం నాకు సినిమా మీద ఎంత ఆత్రమో, ఈ ప్రయాణం మీద అంత దిగులు. టికెట్లు చేతికి వచ్చాయి గాని నాయన వస్తాననలేదు, రాననలేదు. బయలుదేరే పూట అవ్వ ఆయన తెల్ల చొక్కా తీసి మంచం మీద పెట్టింది. ఏమీ అనలేదు. నాయన తొడుక్కున్నాడు. బస్సులో ఆయన ముందు సీట్లో, చిన్నాయన వెనుక సీట్లో.

జవాబు మీకందరికీ తెలిసినదే. చంపమని ఆజ్ఞ ఇచ్చింది పెంచిన తల్లి శివగామి. భల్లాలదేవుడు, బిజ్జలదేవుడు పన్నిన పన్నాగాన్ని నిజమని నమ్మి, కొడుకును పిలిచి ఒక్క మాట అడగకుండానే తీర్పు చెప్పింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. మావాడు నా చెవిలో, "అవ్వ చెప్పిందే!" అన్నాడు.

తిరుగు బస్సులో చాలాసేపటికి నాయన, "ఒక్క మాట అడిగింటే సరిపోయేది" అన్నాడు. శివగామిని గూర్చి అన్నాడో, ఇంకెవరిని గూర్చి అన్నాడో మేము అడగలేదు. వెనుక సీట్లో నుండి చిన్నాయన వేరుశనగ పొట్లం ముందుకు చాచాడు. నాయన తీసుకున్నాడు. గట్టు సంగతి తేలడానికి తరువాత మరి రెండు నెలలు పట్టింది, కాని ఆ రాత్రి నుండి మాటలైతే ఆగలేదు.

భారతదేశంలో వెయ్యి కోట్ల రూపాయల వసూళ్లు దాటిన తొలి చిత్రం అదే. 2025 అక్టోబరు 31న రెండు భాగాలను ఒకటిగా కూర్చి మళ్లీ విడుదల చేశారు. ఇప్పటి పిల్లలకు ప్రశ్న, జవాబు ఒక్క పూటలోనే దొరుకుతాయి. వారి అదృష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే మాకు ఆ 21 నెలలు దొరికాయి. అన్ని రాత్రులు ఒక ఇంటివారు ఒకే ప్రశ్న చుట్టూ కూర్చోవడం చిన్న సంగతి కాదు. మన గృహాలలోనూ జవాబు దొరకని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి రెండవ భాగం ఎవరో తీసి పంపరు. వీధి దాటి వెళ్లి మనమే అడగాలి.