జంతువుల దవాఖానలో కొలువు

మా మేనకోడలు ఈసారి పన్నెండో తరగతి పాసైంది. జంతువుల దవాఖానలో నర్సు అవుతానంటోంది. మా వదినకు నచ్చలేదు. "కుక్కల పెంట ఎత్తే పనికి ఇంత చదువెందుకు? రేపు సంబంధమోళ్లు అడిగితే ఏం చెప్పాలె?" అంటుంది. పదకొండేళ్లుగా నేను చేసేది ఆ పనే. మనోళ్ల ఇండ్లల్లో ఇంకొందరు పిల్లలు కూడా అడుగుతున్నారు కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

ఈ పని మనకు కొత్తదేం కాదు. మన తాతలు మిల్లుల కోసం వచ్చిన ముంబయి పరేల్‌లోనే, మిల్లు యజమాని దిన్షా పెటిట్ భార్య సాకర్‌బాయి పేరున జంతువుల ఆస్పత్రి ఉంది. బొంబాయి వెటర్నరీ కాలేజీ కూడా 1886లో పరేల్‌లోనే మొదలైంది. మా తాత మిల్లులో సాంచాలు నడిపేవాడు. 1982 సమ్మె తర్వాత పని పోయింది. చేతిలో పనితనం ఉంది, చూపించడానికి కాగితం లేదు. ఆఖరుకు వాచ్‌మన్‌గా చేసిండు. అందుకే మా ఇంట్లో ఏ పిల్ల ఏ పని నేర్చుకుంటానన్నా, కాగితం ఏమిస్తారని ముందు అడుగుతాం.

పెంట ఎత్తడం నిజమే. కానీ అదొక్కటే కాదు. జంతువుకు నొప్పి కాకుండా, డాక్టరును కరవకుండా పట్టుకోవాలి. బరువు, జ్వరం చూడాలి. సెలైన్ కనిపెట్టాలి. ఆపరేషన్ సామాను ఉడికించి సిద్ధం చేయాలి. మత్తు దిగేదాకా ఊపిరి చూస్తూ పక్కనే కూర్చోవాలి. నోరులేని జీవి కదా, చెవులు, చిగుళ్ల రంగు చూసి మనమే కనుక్కోవాలి.

ఇక చదువు సంగతి. డాక్టరే కావాలంటే పన్నెండులో బయాలజీ ఉండాలి, నీట్ రాయాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు చదవాలి. సహాయకుల దారి వేరు. తిరుపతి, హైదరాబాద్ పశువైద్య విశ్వవిద్యాలయాల కింద పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. అయితే అక్కడ స్థానికత చూస్తారు, ఇక్కడ చదివిన మన పిల్లలు అది ముందే అడిగి తెలుసుకోవాలి. మహారాష్ట్రలో నాగపూర్ పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద డిప్లొమా కాలేజీలున్నాయి. ఊళ్లో ఉండేవాళ్లకు 'మైత్రి' శిక్షణ ఉంది. మూడు నెలలు, ముఖ్యంగా పశువులకు కృత్రిమ గర్భధారణ పని.

మా మేనకోడలిని ఒక ప్రైవేటు సంస్థ అరవై వేలు కట్టమంది. ఆరు నెలల్లో 'రిజిస్టర్డ్ వెటర్నరీ నర్సు' అవుతావన్నారట. మన దేశంలో మనుషుల నర్సులకు కౌన్సిల్ ఉన్నట్టు జంతువుల నర్సులకు వేరే రిజిస్టర్ లేదు. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టరుదే. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్న సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చిన్న సేవలు చేయవచ్చు. "ఆ కాగితం ఏ విశ్వవిద్యాలయం ఇస్తది?" అని మా అన్న ఫోన్ చేసి అడిగితే సూటిగా జవాబు రాలేదు. డబ్బు కట్టలేదు.

జీతం ముచ్చట దాచను. నేను ఆరు వేలకు చేరాను, ఇప్పుడు పద్దెనిమిది వేలు. డిప్లొమా ఉన్నవాళ్లకు సర్కారు కొలువుల నోటిఫికేషన్లు రాసే అవకాశం ఉంటుంది, నాకు అది లేదు.

ఏ క్లినిక్‌లో చేరినా మొదటిరోజే రేబిస్ ముందస్తు టీకాలు అడగండి. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి పోవాలి, టీకా వేసుకున్నా సరే. డబ్బు కట్టే ముందు ఒక నెల ఏదైనా క్లినిక్‌లో ఊరికే పోయి చూడనివ్వండి. రక్తం, వాసన, చచ్చిపోయే జీవి చూశాక కూడా పిల్ల రెండో నెల పోతానంటే, ఆ పిల్లను ఆపకండి.