కుక్కకు తీసే వాటా

సూరతు నగరంలో తాపీనది ఒడ్డునున్న వరాఛా, వజ్రాలకు సానపట్టే పనికి పేరుగాంచిన పేట. ఆ పనికోసం సౌరాష్ట్ర పల్లెలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. వారిలో శాకాహారులే అధికులు. మొదటి రొట్టె ఆవుకు, చివరి రొట్టె కుక్కకు అన్న ఆచారం గుజరాతీ ఇళ్లలో నేటికీ ఉన్నది.

మాంసం వండని ఇంటి ముంగిట కుక్క ఏమి తిని బ్రతుకుతుందని కొందరికి సందేహం కలుగవచ్చును. తోడేలు వంశంలో పుట్టినప్పటికీ, మనిషి పంచన చేరిన ఈ జంతువు గంజినీ పిండినీ అరిగించుకొనే శక్తిని సంపాదించుకొన్నదని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు జన్యుపరిశోధనతో తేల్చారు. అయినా కూరగాయ దానికి చిరుతిండియే గాని భోజనం కాదు. రోజు మొత్తపు ఆహారంలో చిరుతిళ్ల పాలు పదోవంతుకు మించరాదని పశువైద్యుల మాట. కారెట్టు, దోసకాయ, ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప — ఉప్పూ కారమూ తగలకుండా, గొంతుకు అడ్డుపడనంత చిన్న ముక్కలుగా ఎప్పుడైనా పెట్టవచ్చును. మొక్కజొన్న గింజలు ఒలిచి పెట్టవచ్చు గాని కంకి మాత్రం పారవేయకూడదు. అది పేగులో ఇరుక్కుంటే శస్త్రచికిత్సే శరణ్యం.

అసలు ప్రమాదం జనవరిలో, గాలిపటాల పండుగనాడు వస్తుంది. ఆనాడు సూరతులో ఊంధియూ లేని ఇల్లు అరుదు. ‘ఊంధు’ అంటే తలకిందులు. పూర్వం కుండను బోర్లించి, మట్టిలో కప్పి, పైన మంటపెట్టి వండేవారట. చిక్కుడు, చిన్న వంకాయలు, కంద, చిలగడదుంప కలిసిన ఆ కూరకు సూరతు రుచి తెచ్చేది లేత పచ్చ వెల్లుల్లి. మిగిలిన కూరను చివరి రొట్టెకు అద్ది కుక్కకు వేయడంలో ప్రేమే తప్ప మరొకటి లేదు. కాని వెల్లుల్లి, ఉల్లి దాని రక్తంలోని ఎర్రకణాలను చిదిమివేస్తాయి. వండినంతమాత్రాన ఆ విషం విరగదు. పదికిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లి చాలు. వెల్లుల్లి అంతకంటె తక్కువ మోతాదులోనే హానిచేస్తుంది. లక్షణాలు వెంటనే కనబడవు. కొన్నిరోజులకు చిగుళ్లు పాలిపోయి, మూత్రం ఎరుపెక్కి, కుక్క నీరసించి మూల చేరుతుంది. ఇంట్లోవారికి అప్పటికి పండుగ వంట గుర్తుండదు! తిన్నదని తెలిసిన వెంటనే, చిగుళ్లు పాలిపోయేదాకా ఆగక, పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. తిన్నదేమిటో దాచకుండా చెప్పాలి.

ఆచారం మానవలసిన పని లేదు. వెల్లుల్లి పడకముందే ఉడికిన చిలగడదుంప ముక్కలు రెండు తీసి పక్కన ఉంచితే, చివరి రొట్టెతో అవే వేయవచ్చును.