తొలుత వచ్చినోళ్లు

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి కాగజ్‌నగర్ వచ్చిన నాటికి ఇది ఇంకా పట్నం కాలే. సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టింది నిజాం కాలంల, 1938ల. కాగితం తీసుడు మొదలైంది 1942ల. చుట్టూ అడవి, వెదురు, వానకాలమంత చలిజ్వరం. తాత నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేదాక నాయనమ్మ పొయ్యి ఆరనిచ్చేది కాదట. ఎట్ల బతికినవే అని అడిగితే "వచ్చినం, ఉన్నం" అనేది, అంతే.

2014ల మిల్లు ఆగింది. 2018ల జేకే పేపర్ తీసుకొని మళ్ల నడిపేదాక ఈ ఊరు ఎట్ల ఎల్లదీసిందో బయటోళ్లకు తెల్వదు. మా వాడకట్టుల కొందరు ఆటో తోలిండ్రు, కొందరు బల్లార్షా బండెక్కి పనికి పోయిండ్రు. మా అమ్మ మిషన్ కుట్టింది. పిల్లల సదువు మాత్రం ఆగనియ్యలే. అది నాయనమ్మ నేర్పిన మొండితనమే, నేను గట్టిగ నమ్ముత.

బయటి నుంచి ఈడికి వచ్చింది మనమే కాదు. ఈస్గాం, నజ్రుల్‌నగర్‌ల బెంగాలీ కుటుంబాలు తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినయి. మా తాత ఊరు ఇడిసిండు, వాళ్లు దేశమే ఇడిసిండ్రు. ఆ తొలితరం పెద్దమనుషులు ఇంక కొందరున్నరు. వాళ్ల దగ్గర కూసొని అడిగి రాసుకుందాం, మన ముసలోళ్ల ముచ్చట్లు గూడ. మీ ఇంట్ల ఈ ఊరికి తొలుత ఎవరొచ్చిండ్రు?