బండి ఎందుకు ఎగురుతోంది?



టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడు 1923 ఫోర్డ్ మోడల్ టీ రూపంలో ఇంట్లోనే ఒక హాట్‌రాడ్ కట్టుకున్నాడు. చాలా తేలికైన బండి. రోడ్డెక్కితే ముందు భాగం బంతిలా ఎగురుతోందట. "షాక్ అబ్జార్బర్లు ఇంకా గట్టివి వేయిస్తా అన్నయ్యా, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకోవాలి" అన్నాడు. నా గుండె గుభేలుమంది. చక్రం నేలను వదిలితే స్టీరింగూ బ్రేకూ మన మాట వినవు.

సెమినరీకి వెళ్లకముందు మెకానిక్ షెడ్డులో పనిచేశాను గనుక వరుసగా చెప్పాను. ఒకే వేగం దగ్గర ఎగిరితే టైరు గుండ్రంగా ఉందో లేదో, బ్యాలెన్స్ ఎలా ఉందో చూడాలి. ప్రతి గతుకుకూ ఎగిరితే గాలి చూడాలి. బరువు కారుకు కొట్టినంత గాలి కొడితే తేలిక బండి టైరు రాయి అవుతుంది. ఆపైన ముందు భాగాన్ని అదిమి వదలాలి. పదేపదే ఊగితే షాక్ అబ్జార్బర్లు అయిపోయినట్టు. అసలు దిగకపోతే ఎక్కడో గట్టిదనం ఎక్కువైనట్టు.

తమ్ముడు షాక్‌లు విప్పి అదిమినా దిగలేదు. షాకిళ్లు బాగానే ఉన్నాయి. కమాన్ కట్టే బరువు కారుది! గట్టి షాక్‌లు వేసుంటే ఎగురుడు ఇంకా పెరిగేది. తెలిసిన పనివాడు కట్టలో పట్టీలు తగ్గించి, వాటి మధ్య జారే ప్లాస్టిక్ పెట్టాడు. పిల్లలు ఎక్కింది ఆ తర్వాతే.

ఎగిరేదల్లా మెత్తనై ఎగరదు, ప్రియులారా. కొత్త సామాను కొనేముందు ఒకసారి అదిమి చూడండి.