ఫోను అమరికకు ఒక నకలు



సెల్‌ఫోనును గూర్చి మన పత్రికలో వ్రాయుట ఏమి పని యని కొందరు పెద్దలు తలంచవచ్చును. అయితే పింఛను సంగతి, ఎరువుల ధర, దూరదేశమందున్న బిడ్డ గొంతు, ఇవన్నియు నేడు పల్లెలోని యింటికి దానిద్వారానే వచ్చుచున్నవి గదా. కావున మీరు కొంచెము ఓర్చుకొని చదువవలెనని కోరుచున్నాను.

ఇంటిలో ఉప్పు జాడీ ఎక్కడ నున్నదో ఇల్లాలికి చీకటిలో సయితము తెలియును. ఫోను తెరమీద నుండు బొమ్మలును అట్టివే. ఏ బొమ్మ ఏ మూల నుండవలెను, అక్షరములు ఎంత పెద్దవిగా నుండవలెను, గంట ఎంత బిగ్గరగా మ్రోగవలెను అని ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున అమర్చుకొందురు. ఈ అమరికనే సెట్టింగులు అని పిలుచుచున్నారు. యౌవనస్థులకు ఇది అలంకారము. చదువురాని వారికిని చూపు తగ్గిన వారికిని ఆ అమరికయే ఫోను.

మా సంఘములో డెబ్బది యేండ్లు దాటిన విధవరాలైన యొక తల్లి కలదు. ఆమెకు అక్షరము రాదు. కుమారుడు కువైటులో డ్రైవరు పని చేయుచున్నాడు, కుమార్తె హైదరాబాదులో నున్నది. కుమారుడు సెలవుమీద వచ్చినప్పుడు నోవా లాంచరు అను యాప్‌ను ఆమె ఫోనులో వేసి, తెరమీద నాలుగు పెద్ద బొమ్మలు మాత్రమే నిలిపెను. పైన తన ముఖము, చెల్లెలి ముఖము. క్రింద ఆశా కార్యకర్త ముఖము, నా ముఖము. ముఖమును తాకినంతనే వారికి ఫోను పోవును. రెండేండ్లపాటు ఆ తల్లి ఎవరిని బతిమాలక తన బిడ్డలతో మాటలాడుకొనెను.

గత వానకాలమున ఆ ఫోను బిగుసుకొనిపోగా, పొరుగింటి పిల్లవాడు దానిని పట్టణములోని యొక దుకాణమునకు తీసికొనిపోయెను. అచ్చట దానిని రీసెట్ చేసిరి. అనగా లోపలనున్న దంతయు తుడిచివేసి, కొన్ననాటి స్థితికి తెచ్చిరి. ఫోను బాగుపడెను. ఆమె దానిని తెచ్చి నా బల్లమీద పెట్టి, "అయ్యగారూ, ఇందులో నా పిల్లలు లేరండి. ఎక్కడ నొక్కినా ఎవరూ పలకటం లేదండి" అనెను. అంతకు రెండు రాత్రుల ముందు జ్వరముతో వణకుచు, ఫోను చేతిలోనే పట్టుకొని తెల్లవారువరకు ఒంటరిగా పడియుండెనని తరువాత పొరుగువారు చెప్పిరి. దుకాణమువారు చెడ్డవారని నేననను. అయినను తుడుచుటకు ముందు "దీనికి నకలు ఉన్నదా?" అని ఒక్క మాట అడుగవలసినది.

ఆ నకలునే బ్యాకప్ అందురు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. రైతు పంటనంతయు అమ్ముకొనక విత్తనములు వేరుగా దాచును. 1872వ సంవత్సరపు క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము లైసెన్సు పొందిన బోధకుడు వివాహమును రెండు ప్రతులుగా నమోదు చేసి, ఒకటి మారేజి రిజిస్ట్రారునకు పంపవలెను. మన రిజిస్టరును చెదలు తినినను ఆ దంపతుల వివాహము చెదలపాలు కాదు.

నోవా లాంచరులో సెట్టింగుల యందు బ్యాకప్ అను చోట నొక్కినయెడల ఒక చిన్న ఫైలు తయారగును. దాని పేరు నోవాబ్యాకప్ అను మాటతో ముగియును. తెరమీద ఎన్ని వరుసలు, ఏ గడిలో ఏ బొమ్మ, ఏ సంచిలో ఏవి యున్నవి అను లెక్క అందులో నుండును. ఫోటోలు గాని, సందేశములు గాని, యాప్‌లు గాని అందులో ఉండవు. కావున క్రొత్త ఫోనులో ముందు యాప్‌లను వేసికొని, తరువాత ఈ ఫైలును తెరచి రీస్టోర్ చేయవలెను. గడియారము, వాతావరణము వంటి విడ్జెట్లను మాత్రము మరల తాకి అమర్చుకొనవలసి యుండును.

ఈ ఫైలును ఆ ఫోనులోనే ఉంచి ఊరకుంటిమా, రీసెట్ చేసిననాడు అదియు పోవును. పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే వేసి మూసినట్లగును! ఇంకొకరి ఫోనుకైనను గూగుల్ డ్రైవునకైనను దానిని పంపి యుంచవలెను.

గూగుల్ వారి బ్యాకప్ వేరొకటి కలదు. ఆండ్రాయిడ్ ఫోనులోని సెట్టింగులు, కాల్ చరిత్ర, సందేశములు మొదలగునవి అది భద్రపరచును. ఆ ఖాతాలో 15 జీబీ వరకు చోటు ఉచితము. అయితే ఫోనును 57 దినములు వాడక మూలపెట్టినయెడల ఆ నకలును తీసివేయుదురు. చెడిన ఫోనును పండుగ వరకు అటకమీద పెట్టువారు ఇది గమనింపవలెను. మరియు 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 మొదలుకొని పాత ఫోను తెరకు పెట్టిన పిన్నే ఈ నకలునకును తాళముగా నున్నది. పిన్ మరచితిమా, నకలు ఉండియు లేనట్లే.

అన్నిటికంటె పెద్ద చిక్కు మరియొకటి. పల్లెలో అనేకుల గూగుల్ ఖాతాను ఫోను అమ్మిన కుఱ్ఱవాడే తెరచును, పాస్‌వర్డు అతడే పెట్టును. తరువాత అది అతనికిని జ్ఞాపకముండదు. అట్టి ఖాతాలోని నకలు ఎవరి కుపయోగము?

ఆ తల్లి ఫోనును మేము మరల అమర్చితిమి. "అబ్బాయి ఎడమ పక్కన ఉండేవాడండి" అని ఆమెయే చోట్లు చూపించెను. వెంటనే ఫైలు చేసి కువైటునకును హైదరాబాదునకును పంపితిమి. సంక్రాంతికి కుమార్తె క్రొత్త ఫోను తెచ్చి ఆ ఫైలును తెరవగా చోట్లన్నియు యథాప్రకారము వచ్చెను. ఒక ముఖము మాత్రము బొమ్మ లేక వచ్చెను, అది నాదే. నేను చింతపడుచుండగా ఆమె నవ్వి, "అయ్యగారి చోటు నాకు తెలుసులెండి" అని ఆ గడిని తాకెను. నా జేబులో గంట మ్రోగెను.

ఇప్పుడు మా యౌవనస్థులు ఆదివారము మధ్యాహ్నము పెద్దల ఇండ్లకు పోయి, వారిని అడిగి, ఫోనులకు నకళ్లు తీయుచున్నారు. ఖాతా పేరును పాస్‌వర్డును ఒక కాగితముమీద వ్రాసి ఇంటివారి చేతికే ఇచ్చి వచ్చుచున్నారు, తమ యొద్ద ఉంచుకొనుట లేదు. ఇంకను పదునొకండు ఇండ్లు మిగిలియున్నవి. వాటిలో మూడింటివారికి పాస్‌వర్డు తెలియదు. ఆ మూడింటికి వచ్చే వారము నేనును వెళ్లుచున్నాను.