దూరపు కొండల పక్కన ఓ ఇల్లు

గుమ్మం దాటితే అడవి. అడుగు వేస్తే మూడున్నర వేల కిలోమీటర్ల కాలిబాట. అలాంటి చోట చవగ్గా ఓ ఇల్లు కొనుక్కుని శేషజీవితం గడిపేస్తే? అమెరికాలో ఏటా ఎందరికో వచ్చే ఆలోచన ఇది. కానీ అక్కడి ఊళ్ల కథలు వింటే, ‘చవక’ అన్న మాటకు రెండో అర్థం కూడా ఉందని తెలుస్తుంది.

ఏటా మే నెల వచ్చిందంటే వర్జీనియాలోని డమాస్కస్ ఊళ్లో ఓ వింత. వీపున బండెడు బరువు, చేతుల్లో రెండు కర్రలు, మాసిన గడ్డం, రోజుల తరబడి స్నానం లేని ఒళ్లు... అడవిలోంచి ఒక్కొక్కరే వచ్చి నేరుగా ఊరి మెయిన్‌రోడ్డు మీద తేలతారు. వాళ్లని చూసి ఎవరూ ముక్కు మూసుకోరు. ఎదురుపడ్డవాళ్లు పలకరిస్తారు. ఎందుకంటే ఆ ఊరి ఫుట్‌పాతే వాళ్ల దారి. కరెంటు స్తంభాల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున వేసిన తెల్లరంగు పట్టీలే అందుకు గుర్తు. అవి దక్షిణాన జార్జియా నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా దారి చూపుతూనే ఉంటాయి.

ఆ దారి పేరు అపలాచియన్ ట్రెయిల్. 14 రాష్ట్రాలు, దాదాపు 2,200 మైళ్లు. మన లెక్కలో మూడున్నర వేల కిలోమీటర్లు. అంటే అటూ ఇటుగా కశ్మీరు నుంచి కన్యాకుమారికి రోడ్డు మీద ఎంత దూరమో అంత. కాకపోతే ఇక్కడ రోడ్డుండదు. కొండలు, వాగులు, ఎలుగుబంట్లు, వాన.

ఎవరికి పుట్టిందీ ఆలోచన?

1921లో బెంటన్ మెకై అనే ఆయన ఓ వ్యాసం రాశాడు. పట్నాల్లో పనిచేసి అలసిపోయినవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి కొండల వెంట ఓ పొడవాటి బాట ఉండాలన్నాడు. వాలంటీర్లు గొడ్డళ్లూ పారలూ పట్టుకుని కదిలారు. 1937 నాటికి బాట పూర్తయింది. మొత్తం దారిని ఒకే విడతలో నడవడం మనిషివల్ల కాదని చాలామంది అనుకుంటున్న రోజుల్లో, రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన అర్ల్ షాఫర్ అనే సైనికుడు 1948లో నడిచి చూపించాడు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల మామ్మ గుడ్డ బూట్లు తొడుక్కుని, చేత్తో కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని ఒంటరిగా చివరిదాకా వెళ్లింది. ఆవిడ 11 మంది పిల్లల తల్లి!

ఇప్పుడు ఏటా వేలమంది బయల్దేరతారు. చివరిదాకా చేరేది నలుగురిలో ఒక్కరు. అయిదు నుంచి ఏడు నెలల నడక మరి. మూడు నాలుగు రోజులకోసారి కొండ దిగి ఏదో ఒక ఊళ్లోకి రావాల్సిందే. బట్టలు ఉతుక్కోవాలి, కడుపునిండా తినాలి, ముందుగా పోస్టాఫీసుకు పంపించుకున్న తిండి పార్సిలు తీసుకోవాలి. అలా బాటను నమ్ముకుని బతికే చిన్న ఊళ్లనే ‘ట్రెయిల్ టౌన్స్’ అంటారు. నడిచి వెళ్లిపోయినవాళ్లలో కొందరికి ఆ ఊళ్లమీద మనసవుతుంది. రిటైరైనవాళ్లకీ, ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసుకునేవాళ్లకీ కూడా. కొన్నేళ్లుగా వాళ్లంతా వెతుకుతున్నది ఒకటే... బాట దగ్గర, బడ్జెట్లో ఓ ఊరు.

అందమూ, ధరా...

మొదట అందరి చూపూ పడేది హార్పర్స్ ఫెర్రీ మీద. వెస్ట్ వర్జీనియాలో పొటోమాక్, షెనండోవా నదులు కలిసేచోట కొండవాలున ఉంటుంది. బానిసత్వానికి వ్యతిరేకంగా 1859లో జాన్ బ్రౌన్ ఆయుధాగారం మీద దాడిచేసింది ఇక్కడే. బాట బాగోగులు చూసే అపలాచియన్ ట్రెయిల్ కన్జర్వెన్సీ కార్యాలయమూ ఇక్కడే. వాషింగ్టన్‌కు రైలు ఉంది. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గంట ప్రయాణం. శనివారం పొద్దున పులిహోర కట్టుకుని వెళ్లి, కొండెక్కి దిగి సాయంత్రానికి ఇల్లు చేరిపోవచ్చు. ఉండటానికైతే మూడొందల మంది కూడా లేని ఆ పాత ఊళ్లో ఇళ్లే తక్కువ. అమ్మకానికి వచ్చేవి ఇంకా తక్కువ.

న్యూహాంప్‌షైర్‌లోని హానోవర్‌లోనూ బాట మెయిన్‌రోడ్డు మీదుగానే పోతుంది. 1769లో పుట్టిన డార్ట్‌మత్ కాలేజీ ఉన్న ఊరది. పక్క ఊళ్లోనే పెద్దాస్పత్రి. రాష్ట్రంలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, అమ్మకపు పన్నూ లేదు. ఇంకేం అనుకుంటారు. అక్కడే ఉంది తిరకాసు. ఆ లోటు పూడ్చేది ఇంటిపన్నే. కాలేజీ ఊరు కాబట్టి ఇళ్ల ధరలూ కొండెక్కి కూర్చుంటాయి.

ఇంకా పైకి వెళ్తే మెయిన్‌లోని మాన్‌సన్. పలకరాతి గనులతో బతికిన ఊరు. ఇది దాటితే ‘వంద మైళ్ల అరణ్యం’ అని పిలిచే ప్రాంతం, ఆ తర్వాత బాట ముగిసే కటాడిన్ పర్వతం. వేసవిలో స్వర్గమే. మరి చలికాలం? నెలల తరబడి మంచు. తలుపు తీయాలంటే ముందు పార పట్టాలి. ఆ వయసులో ఆ పని ఎవరు చేస్తారన్నది కొనేముందే వేసుకోవాల్సిన ప్రశ్న.

అందుకే చవక వెతికేవాళ్లు చివరికి దక్షిణం వైపు దిగుతారు.

ఏనుగు ఊరు

టెనెసీలోని ఎర్విన్ సుమారు ఆరువేల మంది ఉండే ఊరు. చుట్టూ కొండలు, పక్కన నోలిచకీ నది. రైల్వే యార్డు మీద బతికింది. అమెరికాలో ఆ పేరు చెబితే పాతతరానికి గుర్తొచ్చేది మాత్రం ఓ ఘోరం. 1916లో సర్కస్ ఏనుగు మేరీ ఓ మనిషిని చంపితే, దాన్ని ఇక్కడికి తెచ్చి రైల్వే క్రేనుకు ఉరితీశారు. ఆ అపఖ్యాతి వందేళ్లు వెంటాడింది. 2015లో రైల్వే కంపెనీ యార్డు మూసేసింది. దాదాపు 300 ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి. ఇళ్ల ధరలు తక్కువగా ఉండటం వెనక ఇలాంటి కథలే ఉంటాయి. పని పోయిన ఊళ్లోనే ఇల్లు చవక.

ఊరి యువత చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రంగురంగుల ఏనుగు బొమ్మలు చేయించి బజారంతా నిలబెట్టారు. వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు ఏనుగుల సంరక్షణ కేంద్రానికి పంపించారు. మూతపడ్డ దుకాణాలు కొన్ని తెరుచుకున్నాయి. టెనెసీలో జీతానికీ పెన్షనుకీ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు (ఉప్పూపప్పుల మీద కూడా అమ్మకపు పన్ను ఉంటుంది, అది వేరే సంగతి). జాన్సన్ సిటీ లాంటి పెద్ద ఊరు 15 మైళ్లే. కాగితం మీద చూస్తే ఇంతకంటే ఏం కావాలి?

2024 సెప్టెంబరు 27న కాగితం మీద లేనిదొకటి వచ్చింది. హెలెన్ తుపాను కొండల్లో కుమ్మరించిన నీరంతా నోలిచకీలోకి దూకింది. ఏటి పక్కన కట్టిన ఊరి ఆస్పత్రి చుట్టూ గంటల్లో వరద చేరింది. రోగులూ సిబ్బందీ కలిపి 50 మందికి పైగా పైకప్పు ఎక్కి నిలబడ్డారు. హెలికాప్టర్లు వచ్చి వాళ్లని దించాయి. అదే రోజు ఊళ్లోని ఓ కర్మాగారం కార్మికులు వరదకు కొట్టుకుపోయారు. ఆస్పత్రి దగ్గర్లోనే ఉందని ఆ ఊరిని ఎంచుకున్నవాళ్లకు ఆ మర్నాటి నుంచి ఆస్పత్రి లేదు.

నీటి పక్కన ఊళ్లు

నార్త్ కరోలినాలోని హాట్ స్ప్రింగ్స్ కథా ఇలాంటిదే. జనాభా అయిదొందల చిల్లర. పేరుకు తగ్గట్టే వేడినీటి బుగ్గలున్న ఊరు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో రెండువేల మందికి పైగా జర్మన్లను తెచ్చి ఇక్కడి హోటల్లో నిర్బంధించారు. ఏట్లో కొట్టుకొచ్చిన కర్రలతో వాళ్లు ఓ బుల్లి జర్మన్ గ్రామాన్నే కట్టుకున్నారట. హెలెన్ ఈ ఊరి వీధినీ ముంచేసింది.

ఇక డమాస్కస్. నిండా ఎనిమిదొందల మంది లేరు. 1987లో మొదలైన ‘ట్రెయిల్ డేస్’ పండుగకు ఏటా మేలో వేలమంది వస్తారు. పైగా పాత రైలుమార్గాన్ని చదును చేసి వేసిన 34 మైళ్ల వర్జీనియా క్రీపర్ ట్రెయిల్ ఉంది. వ్యానులో కొండమీదికెళ్లి సైకిల్ మీద కిందికి జారుతూ వచ్చేయడమే. సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు, వ్యాన్లు నడిపేవాళ్లు, గదులిచ్చేవాళ్లు... ఊరంతా దాని మీదే బతికేది. హెలెన్ ఒక్కరోజులో ఆ మార్గంలో సగం, అంటే డమాస్కస్ నుంచి పైకి వెళ్లే 17 మైళ్లను, వంతెనలతో సహా ఊడ్చేసింది. దాన్ని తిరిగి కట్టడానికి కోట్ల డాలర్లు కావాల్సివచ్చింది.

ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నది ఒకే చిక్కు. కొండల్లో ఊరు కట్టడానికి చదునైన నేల దొరికేది ఏటి ఒడ్డునే. రైలు అక్కడే వేశారు, బజారు అక్కడే పెట్టారు, అందంగా కనిపించేదీ అక్కడే. చవగ్గా అమ్మకానికి వచ్చే ఇల్లు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. అమెరికాలో మామూలు ఇంటి బీమాకు వరద నష్టం వర్తించదు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఆ సంగతి నీళ్లొచ్చాక తెలిసినవాళ్లు ఎందరో. ఏ వీధి ఏ మేరకు మునుగుతుందో చెప్పే వరద పటాలను ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఇంటి ఫొటోలు చూసే ముందు అవి చూడాలంటారు అనుభవజ్ఞులు.

కాస్త దూరమైతేనేం?

అందుకే కొందరు తెలివిగా బాట మీదున్న ఊరు కాక, బాటకు నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న ఊరు చూసుకుంటారు. వర్జీనియాలోని వేన్స్‌బరో అలాంటిది. షెనండోవా నేషనల్ పార్కు దక్షిణాన ముగిసేదీ, బ్లూరిడ్జ్ పార్క్‌వే మొదలయ్యేదీ దీని పక్క కొండమీదే. జనాభా 22 వేల పైచిలుకు. మనం వేసుకునే సాగే బట్టల్లోని లైక్రా దారాన్ని 1958లో కనిపెట్టింది ఈ ఊరి డ్యుపాంట్ ప్రయోగశాలలోనే. ఫ్యాక్టరీల ఊరు కాబట్టి ఆడంబరం తక్కువ. చుట్టుపక్కల పెద్దాస్పత్రులున్నాయి. యూనివర్సిటీ ఊరు షార్లట్స్‌విల్ కొండకు అవతలే, అరగంట పైన. అక్కడి కంటే ఇక్కడ ఇల్లు చవక. యాత్రికులను కొండమీది నుంచి ఊళ్లోకి కార్లో తీసుకొచ్చే స్థానికులూ ఉన్నారు. వాళ్లని ‘ట్రెయిల్ ఏంజెల్స్’ అని ముద్దుగా పిలుచుకుంటారు. అయినా దీనికీ ఓ ఏరుంది. 1969, 1985 వరదల్లో ఊరి నడిబొడ్డు మునిగింది. కాకపోతే మెరక మీద ఇల్లు వెతుక్కునేంత పెద్ద ఊరు.

కొనేముందు...

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు మనవాళ్లు. ఇలాంటి ఊళ్లలో ఇల్లు కొని చూసినవాళ్ల అనుభవాలన్నీ చివరికి ఓ నాలుగు మాటల దగ్గరికే వస్తాయి.

- మే, అక్టోబరు నెలల్లో ఏ ఊరైనా అందంగానే ఉంటుంది. ఫిబ్రవరిలో వెళ్లి కనీసం రెండు వారాలు అద్దెకుండి చూడాలి. అప్పుడు తెరిచి ఉన్న దుకాణాలే ఏడాదంతా ఉండే దుకాణాలు.
- ఆస్పత్రి ఎంత దూరమో కాదు, మంచు కురిసిన రాత్రి ఎంతసేపో అడగాలి. కాన్పులూ గుండెజబ్బులూ చూస్తారా అన్నదీ ముఖ్యమే.
- ఇంటి ధర ఒక్కటే ఖర్చు కాదు. ఇంటిపన్ను, బీమా, బోరునీళ్లు, సెప్టిక్ ట్యాంకు, ప్రతి పనికీ తీయాల్సిన కారు... ఇవన్నీ కలిపి లెక్కేయాలి.
- మళ్లీ అమ్మాల్సివస్తే కొనేవాళ్లెవరు? ఒక్క పండుగ, ఒక్క బాట మీద బతికే ఊరికి అదీ దెబ్బతింటే ఏమిటి దారి?

అయిదో మాట కూడా ఉంది. అది కొనేవాళ్లెవరూ అడగరు, ఊరివాళ్లు మాత్రం అనుకుంటారు. బయటివాళ్లు డబ్బుతో వచ్చి చిన్న ఊళ్లో పది ఇళ్లు కొని టూరిస్టులకు అద్దెకిస్తే, హోటల్లో వంటచేసే అబ్బాయికీ బడిలో పాఠం చెప్పే అమ్మాయికీ అద్దె ఇల్లు దొరకదు. పట్నంవాళ్లకి చవకైన ధరే వాళ్లకి అందనిదవుతుంది. వాళ్లు వెళ్లిపోతే ఆ ఊళ్లో మిగిలేది కొండా, బాటా, తాళాలేసిన ఇళ్లూ.

హెలెన్ తర్వాత ఆ కొండల్లో బురద ఎత్తిపోసినవాళ్లలో ఎన్నాళ్లుగానో అక్కడే ఉన్న ముసలివాళ్లున్నారు, పారలు పట్టుకుని వచ్చిన పాత యాత్రికులూ ఉన్నారు. ఎప్పుడో ఒకరోజు ఆ ఊళ్లో స్నానం చేసి, కడుపునిండా తిని వెళ్లినవాళ్లు. ఊరంటే ఏమిటో ఆ రోజుల్లోనే తెలిసింది. సాయంత్రం నడకకు బాట ఉందా అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు, బురద ఎత్తాల్సిన రోజున పక్కింటివాళ్లు ఉంటారా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. తాము వాళ్లకు అలాంటి పక్కింటివాళ్లం అవుతామా అన్నది ఇంకా పెద్దది.

దూరపు కొండలు నునుపు. దగ్గరికెళ్తే రాళ్లూ ఉంటాయి, వాగులూ ఉంటాయి. అవన్నీ చూశాక కూడా ఆ కొండే నచ్చితే, ఇక ఆలోచించక్కర్లేదు. కాస్త మెరకన ఇల్లు చూసుకోవడమే!